ఆజ్ఞలతో అబ్బిన భాష: గల్ఫ్ వలస, వాడుక అరబ్బీ

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసర గ్రామాల నుండి ఇంటిపనికై కువైట్ వెళ్లే స్త్రీకి అరబ్బీ బడిలో అబ్బదు. వంటగదిలో, చెవి ద్వారా అబ్బుతుంది. మొదట వినబడేవి విధ్యర్థక రూపాలే: ‘జీబీ’ (తే), ‘రూహీ’ (వెళ్లు), ‘తఆలీ’ (రా). అరబ్బీ విధిక్రియలో లింగభేదం ఉంది. పురుషునితో ‘జీబ్’ అనాలి. తనతో అన్న రూపాన్నే నేర్చిన స్త్రీ డ్రైవరుతోనూ ‘జీబీ’ అంటే వ్యాకరణం దానిని దోషంగా లెక్కిస్తుంది. అయితే ఆమె ఏ స్థానంలో నిలిచి ఆ భాషను విన్నదో ఆ దోషమే చెబుతుంది. ఆజ్ఞలుగా మాత్రమే విన్న భాషను నేర్చుకున్నట్టేనా? కాకపోతే ఆ లోపం ఎవరిది?

వలస కార్మికుల మధ్య రూపొందిన ఈ మిశ్రభాషను 1990లో స్మార్ట్ అనే పండితుడు ‘పిజిన్’గా వర్ణించాడు. ‘మాఫీ మాలూమ్’ అంటే తెలియదని. (రుణమాఫీలోని మాఫీకి దీనితో సంబంధం లేదు, ఇక్కడ ‘మా ఫీ’ అంటే ‘లేదు’.) దీనిని భ్రష్టమని తోసిపుచ్చేవారు గ్రాంథిక అరబ్బీని ప్రమాణంగా తీసుకుంటారు. ఆ ప్రమాణం ముందు అరబ్బుల ఇళ్లలోని వాడుక భాష కూడ నిలవదు. 1830 నుండి 1962 వరకు ఫ్రెంచి పాలన సాగిన అల్జీరియా వాడుకలో ఫ్రెంచి మాటలు విస్తారంగా చేరాయి. మగ్రిబ్ ప్రాంతంలో కారు ‘తొమొబీల్’ అయింది. అక్కడ ఫ్రెంచి యజమానులు ఇంటిపనిచేసే స్త్రీని, ఆమె పేరేదైనా, ‘ఫాత్మా’ అనే పిలిచేవారు. కువైటీ వాడుకలోనూ పంకా, జూతీ వంటి భారతీయ పదాలు ఉన్నాయి. పాలకుల నుండో వర్తకుల నుండో వచ్చిన పదాన్ని భాషాసంపదగాను, పనిమనిషి ఉచ్చారణను అజ్ఞానంగాను చూడడం భాషాశాస్త్ర నిర్ణయం కాదు.

మరొక విషయం గమనార్హం. ఆమె రిక్తహస్తాలతో వెళ్లడం లేదు. జవాబు, వకీలు, హక్కు అరబ్బీ మూలం నుండి తెలుగులోకి వచ్చినవే. ‘హక్కు’కు మూలమైన పదం గల్ఫ్ వాడుకలో ‘హగ్’గా మారి స్వామ్యాన్ని తెలుపుతుంది; ‘హగ్గీ’ అంటే ‘నాది’. తెలిసిన ఆ మాటను ఉపయోగించే సందర్భమే వంటగదిలో ఆమెకు అరుదు.

భాష బాగా నేర్పితే ఆజ్ఞలను మరింత చురుకుగా పాటించే పనిమనిషి మాత్రమే తయారవుతుందనే ఆక్షేపణ ఉంది. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. ‘అండి’ లేనిదే మాట ముగియని గోదావరి మండలం నుండి వెళ్లిన స్త్రీకి ‘తఆలీ’ని సరిగా పలకడం నేర్పినందువల్ల ఆమె గౌరవం పెరగదు. కనుక ప్రశ్న ఎంత నేర్పాలన్నది కాదు, ఏ వాక్యాలు నేర్పాలన్నది. ప్రయాణానికి ముందు జరిగే శిక్షణ వంటసామాను పేర్లతో మొదలుకానక్కరలేదు. నిరాకరణ, ప్రశ్న, ఉత్తమ పురుష వాక్యం ముందు రావాలి. ఇందుకు గ్రాంథిక అరబ్బీ చాలదు; ఇంట్లో అర్థమయ్యే వాడుకే కావాలి.

వాక్యం చట్టానికి ప్రత్యామ్నాయం కాదన్నది నిజం. కువైట్ 2015 నాటి 68వ చట్టం గృహకార్మికులకు వారాంతపు సెలవును నిర్దేశించింది. కార్మికురాలి సమ్మతి లేకుండా యజమాని పాస్‌పోర్టు ఉంచుకోరాదని చెప్పింది. ఆ సమ్మతిని ఏ భాషలో అడిగారు, ఆమె ఏ భాషలో ఇచ్చింది? ‘వేన్ జవాజీ?’ (నా పాస్‌పోర్టు ఎక్కడ?) అనేవి రెండే మాటలు. అడిగినందుకు పని పోవచ్చు. అడగడం రానివారికి మాత్రం అడగాలా వద్దా అని తేల్చుకునే అవకాశం కూడ ఉండదు.