నీటికి దారి

ఖాళీ అన్నది మన ఇళ్లలో మంచిమాట కాదు. "ఖాళీగా కూర్చున్నావేం?" అంటే తిట్టు కిందే లెక్క. అలమరలో ఖాళీ ఉంటే ఓ గిన్నె సర్దుతాం. ఆదివారం ఖాళీ ఉంటే పిల్లల్ని ట్యూషన్‌లో పడేస్తాం. ఖాళీ నిజంగా అంత వృథాయేనా అన్న ప్రశ్న నాకు కారు టైర్ల దగ్గర ఎదురైంది. నవ్వకండి, చెబుతాను.

తాడేపల్లిగూడెంలో ఉన్న మా ఆడపడుచు కొడుక్కి చెన్నైలో ఉద్యోగం. వీలైనప్పుడల్లా శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసుట్రాకుకి వెళ్లి, డబ్బు కట్టి, తన కారు తనే నాలుగు చుట్లు తోలి వస్తాడు. పోటీ లేదు, బహుమతి లేదు, ఉత్త సరదా. ఈ సరదా మనవైపు కొత్తదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం గూడెంలో రన్‌వే వేసినట్టే మద్రాసు దగ్గర షోళవరంలోనూ వేశారు. యుద్ధం ముగిశాక షోళవరం రన్‌వే మీద ఏళ్ల తరబడి కారు పందేలు జరిగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చింది.

ఇప్పుడు కుర్రవాడి మనసు 'సెమీ స్లిక్' టైర్ల మీద పడింది. టైరు మీద నాగటి చాళ్లలా గీతలుంటాయి చూడండి, అవి బొత్తిగా లేని నున్నటి రేసు టైరు స్లిక్. సెమీ స్లిక్ దానికి పినతల్లి కూతురు. మెత్తటి రబ్బరు, పేరుకి నాలుగు చాళ్లు. చాలా టైర్ల పక్కన మన్నికకి గుర్తుగా ఒక అంకె వేస్తారు. ఇంటి కారు టైర్లకి ఆ అంకె 300, 400 ఉంటే, మిషెలిన్ వారి కప్ 2కి 180, టోయో వారి ఆర్888ఆర్‌కి 100. పట్టు బాగా ఇచ్చే టైరు పట్టుచీర లాంటిదే. రోజూ కడితే మన్నదు.

వాళ్లమ్మ బెంగ డబ్బు గురించి కాదు. "వదినా, ఆ టైర్లతోనే ఇంటికొస్తానంటున్నాడు. కార్తీకమాసం, తుఫాను రోజులు. నువ్వు చెబితే వింటాడు" అంది. అడిగాను.

"నేలకి రబ్బరు ఎంత తగిలితే అంత పట్టు, అత్తయ్యా. చాలు అంటే రబ్బరు లేని చోటేగా. అది తగ్గిస్తే తప్పేముంది?" అన్నాడు.

పొడినేల మీద వాడి మాట అక్షరాలా నిజం. తడినేల మీద లెక్క తిరగబడుతుంది. టైరు కిందికొచ్చిన నీళ్లు ఎటో ఒకటు పోవాలి. పోవడానికి ఆ చాళ్లే దారి. దారి చాలకపోతే, వేగంలో ఉన్న చక్రాన్ని నీళ్లు పైకెత్తేస్తాయి. ఇక బ్రేకు నొక్కినా, స్టీరింగు తిప్పినా ఒకటే. అందుకే కారు టైరుకి చాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదని మన చట్టం. పైగా ఆ మెత్తటి రబ్బరు వేడెక్కితేనే పట్టు ఇస్తుంది, వానలో చల్లబడి మొరాయిస్తుంది. ట్రాకు మీద వేడికి టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుందని కొంత గాలి తీసేస్తారు. మళ్లీ నింపకుండా రోడ్డెక్కితే నీటిమీద తేలడం మరీ సులువు.

పొడిలో పట్టు రబ్బరు ఇస్తుంది. వానలో ఆ ఖాళీ ఇస్తుంది.

ఈ సంగతి కొల్లేటి ప్రాంతం వాళ్లకి ఒకరు చెప్పాలా? కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ప్రకృతి దున్నిన పెద్ద చాలు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లు అక్కడ నిలిచి, తీరిగ్గా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. నీళ్లు తగ్గిన నెలల్లో చూసిన వాళ్లకి అది ఊరికే పడి ఉన్న నేలలా కనిపించింది. గట్లు వేశారు, చేపల చెరువులు చేశారు. ఎండాకాలంలో లెక్క బాగానే కుదిరింది. వరద వచ్చినప్పుడే నీటికి చోటు చాలలేదు. 2006లో ప్రభుత్వమే గట్లు కొట్టించింది. ఆ చెరువుల మీద బతికిన వాళ్ల కన్నీళ్లూ నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి కిందికొచ్చినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీంచి నీళ్లు పారాయి. చోటు ఇవ్వకపోతే నీళ్లు మన దారినే తమ దారి చేసుకుంటాయి.

అలాగని మావాడి సరదా తప్పంటానా? అనను. ట్రాకు మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు, హెల్మెట్లు పెట్టుకుంటారు, ప్రమాదం తెలిసే వస్తారు. అక్కడ ఖాళీ తగ్గించుకోవడం వాడి ఇష్టం. మన రోడ్ల మీద చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్లుంటాయి, కోతల రోజుల్లో ఆరబోసిన ధాన్యం ఉంటుంది. సైకిలు తొక్కుకుంటూ ఎదురొచ్చే ఆడపిల్లని ఈ సరదాకి ఒప్పుకున్నావా అని ఎవరూ అడగలేదు. మన టైరులోని ఖాళీలో ఆ పిల్లకీ వాటా ఉంది. సొంత సుఖం కోసం దాన్ని పూడ్చుకునే హక్కు మనకి లేదు.

"అయితే ఎప్పటికీ నత్తలాగే నడవాలా?" అంటాడు వాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. ఆ పందెపు కార్లకి ఎండకీ వానకీ ఒకే టైరు, చాళ్లున్న టైరు. అంత వేగం గలవాళ్లకి లేని నామోషీ మనకెందుకు? అది వద్దనుకుంటే రెండో దారి ఉంది. ఆ సెమీ స్లిక్‌లు కారులో పడేసుకుని పోవడం, ట్రాకు దగ్గర జాకీ పెట్టి మార్చుకోవడం, ఇంటికి బయల్దేరేముందు మళ్లీ మార్చడం. విసుగే. ఆ విసుగు కూడా సరదా ఖరీదులో భాగమే. దాన్ని ఎగ్గొడితే బాకీ రోడ్డున పోయేవాళ్ల మీద పడుతుంది.

ఇక మన సంగతి. తెల్లారి 5 గంటల నుంచి రాత్రి 10 దాకా క్షణం ఖాళీ లేకుండా రోజుని కుక్కే ఇల్లాళ్లని లోకం మెచ్చుకుంటుంది. పొడి రోజుల్లో ఆ ఇల్లు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒకనాడు పిల్లాడికి జ్వరం వస్తుంది, అత్తగారు బాత్రూములో జారి పడతారు. ఆ నీటికి రోజులో దారి ఉండదు. అప్పుడు కేకలు పడేది పనిమనిషి మీద, పిల్లల మీద. అందుకని రోజుకో గంట ఏ పనికీ కేటాయించకుండా వదిలి చూడండి. "ఖాళీగా కూర్చున్నావేం?" అని ఎవరైనా అడిగితే, వానకి చోటు ఉంచానని చెప్పండి.