తలుపు తెరుచుకునే దాకా



శ్రీకాకుళం దగ్గరి అరసవల్లి సూర్య దేవాలయంలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది ఏడాదికి రెండుసార్లే, మార్చిలో, అక్టోబరులో. అదీ కొద్ది నిమిషాలే. తెల్లవారకముందే వచ్చి నిలబడిన భక్తులకు ఒక్కోసారి మబ్బు అడ్డుపడుతుంది. ఉసూరుమంటూ ఇంటికెళ్తారు. మళ్లీ ఆ రోజులు రాగానే బారులు తీరతారు.

ఈ గుడికి దగ్గరలోనే, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట ఉంది. ఆ భక్తుల్లాగే ఎదురుచూసిన కరణం మల్లీశ్వరి ఊరు. 1994లో, 1995లో బరువులెత్తడంలో ఆమె ప్రపంచ విజేత. అంత ఊపులో ఉన్నా, 1996 ఒలింపిక్స్‌లో ఆమెకు చోటు లేదు. ఆమె లోపం కాదు, ఆడవాళ్లకు అసలా పోటీయే పెట్టలేదు. నాలుగేళ్లు గడిచాయి. బరువు విభాగం మారింది. ఆమె పనైపోయిందన్న మాటలూ వినిపించాయి.

2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్. ఈసారి ఆడవాళ్లకూ ఆ పోటీ ఉంది. ముందు 110 కిలోలు, తర్వాత 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. స్వర్ణం కోసం చివరిగా 137.5 కిలోలకు చెయ్యేసింది. బరువు నిలవలేదు. అయినా మెడలో కాంస్యం పడింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన సిక్కోలు ఆడపడుచే!

తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో మన చేతిలో ఉండదు. తెరుచుకున్న పూట మన చేతుల్లో సత్తువ ఉందా లేదా అన్నది మాత్రం నిన్నటి సాధనను బట్టే ఉంటుంది. ఈ రోజు మబ్బు పట్టిందా? పట్టనివ్వండి. మీ సాధన మానకండి.