రాత్రికి ముందే దీపమును పరీక్షింతము

(ధ్యానమునకు: 2 కొరింథీ 13:5, మత్తయి 6:6, దానియేలు 6:10)



పౌలు ఎక్కిన ఓడలు మూడు పర్యాయములు బద్దలైనవి. ఒకమారు ఒక రాత్రియు ఒక పగలును ఆయన నడిసముద్రమందే ఉండవలసివచ్చెనని చదువుచున్నాము (2 కొరింథీ 11:25). అలలమధ్య నూనె దీపము నిలువదు గదా! ఆ చీకటిలో మునుగువాడు ఎక్కడనున్నాడో ఒడ్డుననున్నవారికి ఎట్లు తెలియును?

నేడు అట్టి ఆపదలో చిక్కినవారికొరకు పిడికిట పట్టునంత దీపమొకటి కలదు. దానిని స్ట్రోబు లైటు అందురు. నావికులును విమానములు నడుపువారును దానిని తమ లైఫు జాకెట్టుకు కట్టుకొందురు. అది టార్చిలైటువలె ఎడతెగక వెలుగదు. మెరసి, ఆరి, మరల మెరయును. అందలి బ్యాటరీ కొంచెము కొంచెముగా కెపాసిటరు అను భాగములో విద్యుత్తును నింపును. అది నిండగానే, జెనాన్ వాయువుగల గాజు గొట్టములో ఆ శక్తియంతయు ఒక్క మెరుపుగా వెలువడును. ఓడల లైఫు జాకెట్ల దీపములను గూర్చి అంతర్జాతీయ నియమమొకటి ఉన్నది. దీపము 8 గంటలకు తక్కువ కాకుండ పని చేయవలెను. మెరసి ఆరునదైతే నిమిషమునకు 50కి తగ్గక 70కి మించక మెరయవలెను.

ఈ దీపము దారి చూచుకొనుటకు కాదు. “నేనిక్కడ ఉన్నాను, నన్ను నేను రక్షించుకొనలేను” అని దూరముననున్నవారికి తెలుపుటకే. మన ప్రార్థనయు అట్టిదే. పేతురు నీళ్లలో దిగబడుచు ప్రభువును పిలిచిన కేక అట్టిదే (మత్తయి 14:30). అయితే ఒక భేదము కలదు. వెదకువారు వెలుగు కనబడువరకు మన చోటు ఎరుగరు. మన దేవునికో, చీకటియు పగటివంటిదే (కీర్తన 139:12). ఆయనకు మన చోటు చెప్పుటకు కాదు, ఆయన చాపిన చేతిని పట్టుకొనుటకే మనము మొఱ్ఱపెట్టుచున్నాము.

నీళ్లలో పడిన పిమ్మట దీపమును బాగుచేసికొనుటకు సమయము దొరకదు. కావున జాగ్రత్తగలవాడు ఒడ్డుననుండగానే దానిని పరీక్షించును. మొదట బ్యాటరీమీద ముద్రించిన గడువు తేదీని చూచును. తుప్పు పట్టినదేమో, నీరు చొరకుండ ఆపు రబ్బరు వలయము చిట్లినదేమో చూచును. తరువాత గదిలోనికి పోయి, తలుపు మూసి వెలిగించును. బయట వెలిగించినయెడల, చూచినవారు ఎవరో ఆపదలోనున్నారని తలంచి వట్టిగా పరుగెత్తుదురు. ప్రార్థించువాడు తలుపు వేసికొనవలెనని మన ప్రభువును నేర్పెను. పదిమంది చూచుటకై వెలిగించిన ప్రార్థన పరీక్షకు నిలువదు.

ఇక ముఖ్యమైన సంగతి వినుడి. ఇట్టి దీపములు అనేకములలో బ్యాటరీ క్షీణించినను మెరుపు వెంటనే మసకబారదు. కెపాసిటరు ఆలస్యముగా నిండును గాని, నిండిన పిమ్మట మెరుపు ఇంచుమించు మునుపటివలెనే ఉండును. మారునది మెరుపునకును మెరుపునకును మధ్యనున్న ఎడము. అందుచేత తెలిసినవాడు ఒక్క మెరుపు చూచి తృప్తిపడడు. గడియారము ముందుంచుకొని, నిమిషమునకు ఎన్ని మెరుపులో లెక్కించును.

సహోదరులారా, మన సంఘములలో మెరుపులకు కొదువ లేదు. క్రిస్మసు రాత్రి గుడి నిండును. ఉజ్జీవ కూటములలో కన్నీళ్లు కారును. కోతపండుగనాడు ధాన్యపు బస్తాలు బల్లయొద్దకు వచ్చును. అవి మంచివే. అయితే ఎడము ఎంత? ఒక కూటమునకును మరియొక కూటమునకును మధ్య మన యింట కుటుంబ ప్రార్థన ఎన్నిమారులు జరిగినది? బిడ్డకు జ్వరము వచ్చిననాడే గాక, కోడిపిల్లలు కూడ క్షేమముగా ఉన్ననాడు మోకరించితిమా? అప్పుపత్రము మీద వ్రేలిముద్ర వేయకముందు ప్రభువునడిగితిమా, వేసిన తరువాత అడిగితిమా?

దానియేలును చూడుడి. రాజు శాసనము వెలువడినదని తెలిసిన దినమునను ఆయన తన వాడుక చొప్పున దినమునకు మూడు మారులు ప్రార్థించెను. సింహముల గుహ కొరకు క్రొత్తగా ప్రార్థన నేర్చుకొనలేదు. ఎడము తప్పని దీపముతోనే ఆ గుహలోనికి దిగెను.

ఎవరైన ప్రార్థన మాని చాలకాలమైనదా? నిరాశపడకుడి. పెట్టెలో ఏండ్లతరబడి ఉంచిన స్ట్రోబు లైటు స్విచ్చి వేయగానే మెరయక కొంత తడవు చేయవచ్చును. అంతమాత్రమున దానిని పారవేయరు. బ్యాటరీ చచ్చినదైతే ఊపినను తుడిచినను ప్రయోజనము లేదు, క్రొత్తది వేయవలెను. మన బలము ఉడిగినచోట పరిశుద్ధాత్మ మనకు తోడుపడునని పౌలు వ్రాసెను (రోమా 8:26). ఆ శక్తి మనది కాదు, దేవుడు దయచేయునది.

సముద్రముమీద జీవనము చేయు మన సహోదరులు తమ పడవలోని దీపమును ఈ నెలలోనే పరీక్షించుకొందురు గాక. తక్కిన మనమందరము ఈ రాత్రి తలుపు మూసికొని, గడచిన వారములో ఎన్ని దినములు ప్రార్థించితిమో వ్రేళ్లమీద లెక్కింతము. లెక్క తక్కువైనయెడల సిగ్గుపడి ఊరకుండక, అక్కడనే మోకరింతము. రాత్రి ఎప్పుడు వచ్చునో మనమెరుగము. దీపము మాత్రము నేడు మన చేతిలోనే ఉన్నది.

ప్రభువు మన ప్రార్థనలను ఎడతెగనీయకుండ కాపాడును గాక. ఆమేన్.