రసపరిత్యాగము - పారణ పిమ్మట

ఈ అవసర్పిణీ కాలమున జరిగిన మొట్టమొదటి ఆహారదానము చెరకు రసము. ప్రథమ తీర్థంకరుడగు ఋషభదేవుడు దీక్ష గైకొని భిక్షకై ఊరూర తిరుగుచుండగా జనులు ఆయనకు ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను తెచ్చి సమర్పించిరే కాని, ఇంత ఆహారము పెట్టవలెనని ఎవరికిని తోచలేదు. మునికి భిక్ష ఎట్లు పెట్టవలెనో అప్పటికి లోకమునకు తెలియదు. ఇంచుమించు సంవత్సరకాలము అట్లు గడచిన పిమ్మట హస్తినాపురమున శ్రేయాంసకుమారునకు పూర్వజన్మ స్మరణ కలిగి, తన యింట నున్న చెరకు రసమును స్వామి దోసిట పోసెను. అది వైశాఖ శుద్ధ తదియ. నేటికిని వర్షీతపము చేసినవారు అక్షయ తృతీయ నాడు చెరకు రసముతోనే పారణ చేయుదురు. ఋషభదేవుని ఇక్ష్వాకు వంశమునకు ఆ పేరే ఇక్షువు వలన, అనగా చెరకు వలన వచ్చినదని పురాణములు చెప్పుచున్నవి.

కావున జైనధర్మము తీపిని ద్వేషించునని తలచుట పొరపాటు. చెరకు చేసిన పాపమేమియు లేదు. సంవత్సరకాలము నిరాహారియైన మహాముని దానిని స్వీకరించెను. ఆ తీపి ఆయన నాలుకపై నిలిచి మరునాటి భిక్షను రుచి పట్టి ఎంచుకొనునట్లు చేయలేదు. చూడవలసినది ఇదియే. పదార్థము లోనికి పోయినదా లేదా అన్నది కాదు, అది పోయిన తరువాత లోపల ఏమి మిగిలినది అన్నది.

ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థసూత్రమున తొమ్మిదవ అధ్యాయమునందు బాహ్యతపస్సులు ఆరు చెప్పబడినవి. అనశనము మొదటిది. కడుపు నిండకుండ తినుట రెండవది. భిక్షకు నియమము పెట్టుకొనుట మూడవది. నాలుగవది రసపరిత్యాగము. ఉపవాసముకంటె ఇది తేలికయని సామాన్యముగ అనుకొందురు. చేసి చూచినవారు అట్లనరు. ఉపవాసమున వంటయింటి తలుపు మూసియే యుండును. రసత్యాగమున తలుపు తెరచియుండును, విస్తరి ముందుండును, ఆకలియు నుండును. ఆకలి తీరవలెను గాని నాలుక కోరిక తీరరాదు. ఈ రెంటిని వేరుచేయుటయే అందలి కష్టము.

ఏది రసము? మనసును వికారపరచునది గనుక దానికి వికృతి అని పేరు. వాడుకలో విగయి అందురు. తేనె, వెన్న, మాంసము, మద్యము అను నాలుగు మహావికృతులు శ్రావకునకు ఎన్నడును కూడవు. పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లము, నూనెలోనో నేతిలోనో వేచిన వంటకములు అను ఆరింటిని శ్వేతాంబరులు యథాశక్తి విడుతురు. చక్కెర బెల్లము క్రిందనే లెక్క. దిగంబరులు వేచిన వంటకములకు బదులు ఉప్పును చేర్చి ఆరు రసములందురు. చిత్రమేమనగా ఈ ఆరింటిలో ఒక్కటియు నిషిద్ధ పదార్థము కాదు. పాపపు వస్తువును మానుట తపస్సు కాదు, అది కనీస ధర్మము. తినదగినదానిని తినకుండుట తపస్సు.

జీవుల వర్గీకరణమును తలచుకొన్నచో నాలుక సంగతి ఇంకను తెలియును. పృథివీకాయములకు, చెట్లకు స్పర్శేంద్రియ మొక్కటే. జీవుడు అక్కడినుండి ఒక్క మెట్టు పైకి వచ్చి పురుగో, జలగయో, శంఖపు పురుగో అయినప్పుడు మొదట సంపాదించుకొను ఇంద్రియము రసనేంద్రియము. ముక్కుకంటె ముందు, కంటికంటె ముందు, చెవికంటె ముందు నాలుక వచ్చినది. అంత పాత చుట్టరికము నాలుగు నెలలలో తెగునని తలచుట వ్యాపారి లెక్కకు నిలుచునా?

ఆషాఢ చతుర్దశితో చాతుర్మాస్యము ప్రవేశించును. సాధుసాధ్వీజనులు ఒక్కచోట నిలుతురు. ఉపాశ్రయమున ప్రత్యాఖ్యానములు తీసుకొనువారు వరుసగా లేతురు. వారిలో ప్రతి యూరను కనబడు వర్తకు డొకడుండును. "కార్తిక పూర్ణిమ వరకు బెల్లము, పంచదార త్యాగము" అని చేతులు జోడించును. ఆయన శ్రద్ధ నిజమైనదే, శంకింప నక్కరలేదు. కాని ఇంటికి పోయినపిదప ఏమి జరుగునో చూడుడు. ఖర్జూరముతో లడ్డు చేయవచ్చునని కోడలికి తెలియును. ఎండుద్రాక్ష, అంజూరము నూరి బర్ఫీ చేయుదురు. చక్కెర లేని పాలను చిక్కగా మరిగించినచో అదియు తియ్యగనే యుండునని కనుగొందురు. నియమమునకు అక్షరభంగము లేదు. నాలుగు నెలలు నాలుకకు మాత్రము సెలవు దొరకలేదు. దుకాణము మారినది గాని ఖాతా మారలేదు. పూర్ణిమ దాటిన మరునాడు జిలేబి, మైసూరు పాకు, కాజా ఒక్కటొక్కటిగా బాకీ రాబట్టుకొన్నట్లు తిరిగి వచ్చును. నాలుగు నెలల అసలు వడ్డీతో సహా వసూలగును. ఫలాపేక్షతో తపస్సు చేయుటను శాస్త్రము నిదానమను శల్యముగ చెప్పినది. పారణ నాటి పళ్లెమును తలచుకొనుచు దినములు లెక్కించుట నిదానము కాదేమో గాని, దాని దగ్గరి చుట్టమే.

ఈ బలహీనత మన సంఘమునకు మాత్రమే చెందినది కాదు. క్రైస్తవులు ఈస్టరు పండుగకు ముందు లెంటు అను తపఃకాలమును, ఆదివారములు విడిచి లెక్కించినచో 40 దినములు, పాటింతురు. పాశ్చాత్య దేశములలో నేడు అనేకులు ఆ దినములలో చక్కెరయో చాక్లెట్టో మానుదురు. వారి భాషలోని షుగరను మాటయు మన శర్కర శబ్దమునుండి పుట్టినదే. ఉపవాసము మొదలగుటకు ముందటి మంగళవారము విందు; ముగిసిన ఈస్టరు నాడు పిల్లల చేతిలో చాక్లెట్టుతో చేసిన గ్రుడ్లు. ముందు విందు, వెనుక విందు, నడుమ త్యాగము. వారి పెద్దలును ఈ సంగతినే హెచ్చరించుచుందురు. పరుల వ్రతమును చూచి నవ్వువారు తమ పారణ పళ్లెమును ఒకసారి చూచుకొనవలెను.

2016లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధన ఈ విషయమున ఆలోచింపదగినది. కొందరు మూడు మాసములపాటు చక్కెరను బాగుగ తగ్గించి తినిరి. మూడవ మాసమునకు అదే పాయసమువంటి పదార్థము వారి నాలుకకు మునుపటికంటె ఎక్కువ తియ్యగ తోచినది. అనగా కొద్ది చక్కెరయే చాలునట్లు నాలుక మారినది. కాని తీపిపై వారి ఇష్టము తగ్గలేదు. నిర్బంధము తీసివేసి మీ ఇచ్చవచ్చినట్లు తినుడనగా, వారు వెంటనే వెనుకటి మోతాదునకు పోయిరి. నాలుకయు వెనుకటి స్థితికే పోయినది. ద్రవ్యత్యాగము, భావత్యాగము అని మన ఆచార్యులు రెండుగ చెప్పినదానికి ప్రయోగశాలలో దొరికిన దృష్టాంతమిది. నియమము నాలుకను మార్చగలదు. కోరికను మార్చుట మరియొక పని, అది నియమముతోపాటు తనంతట జరిగిపోదు. కృత్రిమ తీపి మాత్రలతోను అది జరుగదు. బరువు తగ్గించుకొనుటకై వానిని వాడవలదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పినది.

మరి చేయవలసినదేమి? పూర్వులు తపస్సులను కూర్చిన తీరులోనే దీనికి సమాధానము కలదు. నవపద ఓళీ చైత్రమునను ఆశ్వయుజమునను శుద్ధ సప్తమి మొదలు పూర్ణిమ వరకు తొమ్మిదేసి దినములు వచ్చును. ఆ దినములలో పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లము, మసాలాలు లేని ఆహారము ఒక్క పూట, ఒక్క ఆసనమున తినుట ఆయంబిల్. అట్టి ఓళీలు తొమ్మిదియైనగాని తపస్సు పూర్తికాదు. 81 ఆయంబిళ్లకు నాలుగున్నర సంవత్సరములు పట్టును. వర్ధమాన తపమున ఒక ఆయంబిల్, పిదప ఉపవాసము. రెండు ఆయంబిళ్లు, పిదప ఉపవాసము. ఇట్లు నూరు వరకు. ఎడతెగక చేసినను మొత్తము 5150 దినములు, 14 సంవత్సరములకు మించును. ఒక్క విసురున గెలుచుటకు గాక మెట్టుమెట్టుగ ఎక్కుటకే ఈ కొలతలు. శ్రావకుని నిత్య నియమములు పదునాలుగింటిలో మూడవది విగయి నియమము: నేడు ఈ ఆరింటిలో దేనిని విడుతునని ప్రొద్దుననే నిశ్చయించుకొనుట. నాలుగు నెలల పెద్ద త్యాగముకంటె ఆ దినమున కొక చిన్న త్యాగమే కొందరికి కష్టమగుట ఆశ్చర్యము కాదు. దానికి ఊరేగింపు లేదు, అభినందన సభ లేదు.

అంగడిలో కూర్చుండువాని దినచర్యనే లెక్కకు తీసికొందము. దినమునకు ఐదు టీలు. ఒక్కొక్కదానికి రెండు చిన్న చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాములు. దినమునకు 40 గ్రాములు. సంవత్సరమునకు 14 కిలోల 600 గ్రాములు. మిఠాయి ముట్టని దినముల లెక్కయే ఇది. దినమునకు 25 గ్రాములకు లోబడుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. టీ ఒక్కటియే దానిని దాటినది. ఈ వర్తకుడు చాతుర్మాస్యమున చక్కెర మొత్తము మాని, కార్తికమున తిరిగి రెండు చెంచాలకే పోవుటకంటె, ఈ యేడు అర చెంచా విడిచి, పూర్ణిమ దాటినను ఆ అర చెంచాను తిరిగి అడుగకుండుట మేలు. మరుసటి చాతుర్మాస్యమున ఇంకొక అర. నాలుగవ చాతుర్మాస్యమునకు టీలో చక్కెర యుండదు. ఊరిలో ఎవరికిని తెలియదు. నవపద ఓళీకి పట్టు కాలముకంటె అది ఎక్కువయు కాదు. మొత్తము మానగలిగినవారు మానవలసినదే, వారికి అడ్డు లేదు. పారణ పిమ్మట అందులో కొంతయైన మిగులవలెననుటయే ఇచ్చటి మాట.

ఇక వ్యాధిగ్రస్తుల విషయము తొందరపాటు లేక చెప్పవలసియున్నది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారము దేశమున మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షలు. కూర్చుండి వ్యాపారము చేయు కుటుంబములలో ఈ వ్యాధి లేని ఇల్లు వెదకుట కష్టమే. ఇన్సులినుగాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలుగాని తీసికొనువారు వైద్యుని అడుగక ఉపవాసమో ఆయంబిలో పూనినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి, చివరకు స్పృహ తప్పును. అప్పుడు మింగగలిగియున్నప్పుడే వెంటనే ఇంత చక్కెర నోట వేయవలెను. "వ్రతము భంగమగును, వద్దు" అని పెదవులు బిగించినవారును, పక్కన నిలిచి వారిని మెచ్చుకొన్నవారును లేకపోలేదు.

ప్రత్యాఖ్యాన పాఠములో ఆగారములు, అనగా మినహాయింపులు, ఎందుకు పెట్టబడినవో వారు ఎరుగరు. తెలియక జరిగినది అనాభోగము. అనుకోకుండ నోటిలో పడినది సహసాకారము. తీవ్రమైన బాధ కలిగి సమాధి చెడునట్లున్నప్పుడు ఔషధము తీసికొనుటకు సర్వసమాధి ప్రత్యయమను ఆగారము స్పష్టముగ కలదు. నియమము తీసికొనునాడే అది నియమములో భాగముగ పలుకబడినది. ఆ చెంచాడు చక్కెర అప్పుడు రసము కాదు, మందు. దానిని తిన్న ముసలి తల్లికి వ్రతభంగము కాలేదు. తిననీయని కుమారునకే హింసాదోషము. ఇది తెలియని శ్రావకుడు పెద్దవారిచేత నియమము పట్టించుటకు ముందు గురుమహారాజునొద్ద అడిగి తెలిసికొనవలెను, వైద్యునొద్దను అడుగవలెను.

చేయుట, చేయించుట, అనుమోదించుట అని కర్మబంధమునకు ద్వారములు మూడు. తీపి విషయమున మన యిండ్లలో మొదటి ద్వారమును గూర్చి చర్చింతురు గాని రెండవదానిని తలపరు. ఇంటికి వచ్చినవారి నోరు తీపి చేయనిదే మర్యాద కాదని వాడుక. వచ్చిన బంధువు చక్కెర మానితిననును. "మా యింట మాత్రము కాదనకూడదు, ఒక్కటి తీసికొనుడు, ఏమియు కాదు" అని బలవంతము. మూడుసార్లు కాదన్నవాడు నాలుగవసారి సిగ్గుపడి తినును. ఆ ఇంటి గృహస్థునకు పొద్దున సామాయికము తప్పదు, రాత్రిభోజనము లేదు, కందమూలము ముట్టడు. కాని మరియొకరి త్యాగమును మర్యాద పేర తానే భగ్నము చేసితినని అతనికి తోచదు. పసివాండ్రకు పాలలో పంచదార లేనిదే పట్టదని రెండవ యేటనే అలవాటు చేసి, ఇరువదవ యేట పర్యూషణమున రసత్యాగము చేయుమని బోధించుటయు ఇట్టిదే.

ఇట్టి గృహములలో ఒక చిన్న మార్పు చాలును, కొన్ని కుటుంబములలో అది అప్పుడే వచ్చినది. టీ చక్కెర లేకుండ కాచి, చక్కెర వేరుగ గిన్నెలో పెట్టుదురు. కావలసినవారు తామే వేసికొందురు. వద్దనుకొన్నవారు వద్దని నలుగురిలో చెప్పవలసిన పని యుండదు. పెండ్లి విందున మిఠాయి వడ్డించువాడు పళ్లెమునకు దూరముగ నిలిచి అడిగి వేయును. చేయి అడ్డము పెట్టినచో మారు మాటాడక ముందుకు పోవును.