ఏటిగట్టు మీది కావలివాడు

చదువవలసిన వేదభాగము: యెహెజ్కేలు 33:1–9



జూలై, ఆగస్టు నెలలు వచ్చినవంటే గోదావరి యొడ్డున నివసించు మనకందరికిని ఒకటే ప్రశ్న. పొలము గట్టున కలిసికొన్నను, ఆరాధన ముగించి గుడి బయటికి వచ్చినను, "భద్రాచలంలో ఎన్ని అడుగులంట?" అని యడుగుకొందుము. అక్కడ నీరు 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఇత్తురు. దిగువను ధవళేశ్వరము బ్యారేజీవద్ద ఈ మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు వచ్చును. ఈ అంకెలు మన పిల్లలకు సైతము నోటికి వచ్చును. అయితే అవి మనయొద్దకు ఎట్లు వచ్చుచున్నవో, వినిన తరువాత మన పని యేమో ఎన్నడైనను ఆలోచించితిమా?

నది యొడ్డున అడుగుల గుర్తులు వేసిన కొలబద్ద నిలిపియుందురు. వరద దినములలో దానిని గంటగంటకు చూచి వ్రాయుదురు. అర్ధరాత్రియైనను, జోరువానయైనను ఆ పని ఆగదు. నేడు కొన్ని చోట్ల యంత్రములే నీటిమట్టమును కనిపెట్టి ఉపగ్రహము ద్వారా వార్త పంపుచున్నవి. అయితే మట్టము ఒక్కటే చాలదు. వచ్చుచున్న నీరెంతయో కూడ తెలియవలెను. అందుకు పడవమీదనుండిగాని వంతెనమీదనుండిగాని చిన్న గిన్నెలు అమర్చిన చక్రమును నీటిలోనికి దింపుదురు. అది తిరుగుటను బట్టి ప్రవాహవేగము తెలియును. ఆ వేగమును, ఏటి లోతును, వెడల్పును కలిపి లెక్కించినయెడల సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోవుచున్నదో తేలును. దానినే మనము క్యూసెక్కులనుచున్నాము. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీరు 75.6 అడుగులకు లేచినప్పుడు, ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించెను.

ఇంత శ్రమ ఎందుకు? గోదావరి నాసిక్ దాపున త్ర్యంబకములో పుట్టి 1,465 కిలోమీటర్లు నడచి వచ్చుచున్నది. త్రోవలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి దానిలో కలియును. ఆ దూరదేశపు అడవులలో వాన కురిసినయెడల, మన ఊరిలో ఎండ కాయుచుండగనే ఏరు పొంగును. తన పెరటి ఆకాశమును మాత్రమే చూచి నిర్భయముగా నిద్రించువాడు మోసపోవును. ఎగువను చూచినవాని మాట దిగువనున్నవానికి ప్రాణము. ఎగువ నీరు మనలను చేరులోగా దొరకు ఆ కొద్ది గంటల వ్యవధియే దేవుడు మనకిచ్చు కృపాకాలము.

ఇప్పుడు మేము సిగ్గుతో ఒప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు. 2022 జూలై వరదలో భద్రాచలమువద్ద నీరు 71 అడుగులు దాటెను. మూడవ హెచ్చరిక వచ్చినదని మైకు కట్టిన ఆటో మా ఏటిగట్టుమీద చెప్పుకొనుచు పోయెను. లంక చివర పాకలో ఒక వృద్ధురాలు తన మనుమనితో నుండెను. ఆమెకు చెవులు సరిగా వినబడవు. ప్రతి ఆదివారము గుడిలో ముందు చాపమీద కూర్చుండునది ఆమెయే. మేము ధాన్యపు బస్తాలు మోయించుటలోను, గొడ్లను గట్టెక్కించుటలోను ఉంటిమి. "ఆమెకు ఎవరో ఒకరు చెప్పియుందురులే" అని ప్రతివాడును అనుకొనెను. ఎవరును చెప్పలేదు. చీకటి పడువేళకు నీరు ఆమె గడప దాటెను. మన సంఘమునకు చెందని పల్లెకారులు కొందరు నావమీద అటు వచ్చి, ఆ యిద్దరిని ఎక్కించుకొని తెచ్చిరి. ఆమె రెండు మేకలు కొట్టుకొనిపోయెను.

మరునాడు గట్టుమీద ఆమె మమ్మును చూచి, "అయ్యగారూ, నీళ్లొస్తున్నాయని మీకు ముందే తెలుసంట గదా?" అని మాత్రము అడిగెను. కోపపడలేదు. ఆ ప్రశ్నకు మేము ఈనాటికిని జవాబు చెప్పలేకున్నాము.

ప్రియులారా, యెహెజ్కేలు గ్రంథములో దేవుడు కావలివానినిగూర్చి చెప్పిన మాటలు చదువుడి. ఖడ్గము వచ్చుట చూచి అతడు బూర ఊదినను జనులు లక్ష్యపెట్టనియెడల, తప్పు వారిదే. చూచియు ఊదకుండినయెడల, నశించినవాని ప్రాణమునకు ఆ కావలివాడే ఉత్తరవాది. ఆ రాత్రి కొలబద్ద చూచినవాడు తన పని నమ్మకముగా చేసెను. వార్త పంపినవాడును చేసెను. ఎంతో దూరమునుండి తప్పకుండ వచ్చిన ఆ వార్త, చివరి రెండు ఫర్లాంగులలో మా చేతులలో ఆగిపోయెను. హెచ్చరిక చివరి యింటికి చేరువరకు అది హెచ్చరిక కాదు, వట్టి అంకె మాత్రమే.

మన కుటుంబములలోను ఇట్టి మొదటి హెచ్చరికలు కలవు. ప్రార్థనకు వచ్చుచుండిన యౌవనుడు మానివేయును. ఒక సహోదరుడు సాయంకాలము తూలుచు ఇల్లు చేరును. ఒక యింటి అప్పు ఏటేట పెరుగును. మనమందరము చూచుచునే యుందుము, మనలో మనము చెప్పుకొందుము. అతనియొద్దకు మాత్రము పోము. "ఎవరో ఒకరు చెప్పుదురులే" అందుము. నీరు మూడవ గుర్తు దాటిన తరువాత కన్నీరు విడుతుము. అది ప్రేమ కాదు. మొదటి గుర్తువద్దనే ప్రేమతో వెళ్లి తలుపు తట్టువాడే సహోదరుడు.

కాబట్టి ఈ వానకాలము ముదురక మునుపే ప్రతి సంఘములోను పెద్దలు కూడి, వృద్ధులు, రోగులు, గర్భిణులు, ఒంటరివారు నివసించు ఇండ్ల పేర్లు వ్రాసికొనుడి. ఏ యింటికి ఎవరు పోవలెనో పేరు పేరున నిర్ణయించుడి. ఆ యిల్లు మన సంఘస్థులదా కాదా అని విచారింపకుడి. ఆ పల్లెకారులు అట్లు విచారింపలేదు. నోవహు ఇంకను కంటికి కనబడని సంగతులనుగూర్చి దేవుడు చెప్పగా విని, ఓడను కట్టి తన యింటివారిని రక్షించుకొనెను. వినుట, లేచుట, ఇతరులను లేపుట—విశ్వాసమనగా ఇదియే.

మన ప్రభువు మనకు మెలకువగల కన్నులను, పొరుగువాని గడపవరకు నడచు పాదములను దయచేయును గాక. ఆమేన్.