కోడిపిల్లను ఎరగడం

ఒక్కరోజు కోడిపిల్ల పుంజో పెట్టో పైపైన చూస్తే తెలియదు. నూగు ఒకటే, కూత ఒకటే, నడక ఒకటే. తలమీద తురాయి ఎర్రబడి తేడా బయటపడాలంటే వారాలు పడుతుంది. అంతదాకా ఆగలేని మనిషి వెనకటినుంచీ అడ్డదారులు వెతుకుతూనే ఉన్నాడు. గుడ్డు మొన చూసి చెప్పడం వాటిలో బాగా పాతది. మొన తేలిన పొడుగు గుడ్డు పెట్ట అవుతుందని అరిస్టాటిల్ రాశాడు. సరిగ్గా అలాంటి గుడ్డే పుంజు అవుతుందని రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా రాశాడు. ఇద్దరిలో ఎవరిని నమ్ముకున్నా సగానికి సగం నిజమవుతుంది. ఇలాంటి నమ్మకాలకు చావు లేకపోవడానికి కారణం కూడా అదే.

నిజంగా పనిచేసే పద్ధతి జపాన్‌లో పుట్టింది. కియోషి మసూయి, జురో హషిమోతో అనే శాస్త్రవేత్తలు 1920లలో దాన్ని రూపొందించారు. 1927లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభతో అది బయటి దేశాలకు తెలిసింది. పిల్లను ఎడమచేతిలోకి తీసుకుని, పొట్టను మెల్లగా నొక్కి ముందు రెట్ట వేయిస్తారు. తర్వాత బొటనవేళ్లతో రెట్టద్వారాన్ని విప్పి, గట్టి వెలుతురు కింద లోపలి అంచు చూస్తారు. అక్కడ గుండుసూది తలంత బొడిపె కనిపించాలి. గుండ్రంగా, బిగువుగా, నిగనిగలాడుతూ ఉంటే పుంజు. అణిగి ఉన్నా, వేలు తగలగానే మెత్తగా వాలిపోయినా, అసలు లేకపోయినా పెట్ట. చెప్పడానికి ఇంతే. చిక్కంతా మధ్యరకాలతో వస్తుంది: కొన్ని పెట్టలకూ బొడిపె ఉంటుంది, కొన్ని పుంజులకు అది అణిగి ఉంటుంది. పైగా గుడ్డు పగిలిన మొదటి రోజులోనే చూడాలి, తర్వాత పోల్చుకోవడం కష్టం. చేయి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా వేరుచేస్తారు. అంటే ఒక్కోదానికి నాలుగు సెకన్లు కూడా లేవు. అయినా నూటికి రెండుమూడు మించి తప్పు పోవు.

ఈ పనివాళ్లు ఎప్పుడు ప్రవేశించారో గానీ, పాశ్చాత్య జ్ఞానమీమాంసలో వాళ్లకు స్థిరమైన చోటు దొరికింది. అక్కడ చెప్పే కథ ఇది. పనివాడు ప్రతిసారీ సరిగ్గా చెబుతాడు కానీ ఎలా చెబుతున్నాడో అతనికే తెలియదు. కంటితో చూసి చెబుతున్నానని అతను అనుకుంటాడు, నిజానికి వాసన పట్టి చెబుతున్నాడు. మరి అతనికి ఉన్నది జ్ఞానమా, కాదా? నమ్మదగిన పద్ధతిలో పుట్టిన నమ్మకమైతే చాలు, కారణం చెప్పలేకపోయినా అది జ్ఞానమేనని ఆల్విన్ గోల్డ్‌మన్ వాదించిన బాట ఒకటి. కారణాలు ఇచ్చిపుచ్చుకునే ఆటలో భాగం కాకపోతే జ్ఞానమనే మాటకే అర్థం ఉండదన్నది రాబర్ట్ బ్రాండమ్ పక్షం. 2000లో వచ్చిన పుస్తకంలో ఆయన ఈ కోళ్లవాళ్లనే ఉదాహరణగా తీసుకున్నాడు.

కథ బాగుంది కానీ అందులోని పనివాడు ఊహాజీవి. అసలు పనివాళ్లు బళ్లో చేరి, బొమ్మలు చూసి, బొడిపెల రకాలకు పేర్లు నేర్చుకుని వచ్చినవాళ్లు. 1933లో ఇంగ్లీషులో వచ్చిన మసూయి, హషిమోతోల పుస్తకమే అందుకు సాక్ష్యం. 1987లో బీడర్‌మన్, షిఫ్రార్ అనే మనస్తత్వవేత్తలు ఇంకొక అడుగు వేశారు. ఎన్నడూ కోడిపిల్లను పట్టనివాళ్లకు ఫోటోలు ఇస్తే అరవై శాతం సరిగ్గా చెప్పారు. ఏ చోట, ఏ ఆకారం చూడాలో ఒక్క కాగితం మీద రాసి ఇచ్చాక అది ఎనభైనాలుగు శాతానికి పెరిగింది. చెప్పలేని విద్య అన్నదానిలో చాలా భాగం ఎవరూ సరిగ్గా చెప్పని విద్యేనని దీనివల్ల తేలింది. అయితే ఆ ఫోటోల్లో పిల్లను పట్టడం, ద్వారం విప్పడం, బొడిపె దొరికించుకోవడం అప్పటికే వేరొకరు చేసిపెట్టారు. వేళ్ల పని కాగితం మీదికి రాలేదు.

ఈ మిగిలిపోయిన భాగం గురించే వ్యాకరణ తత్వవేత్త భర్తృహరి వాక్యపదీయం మొదటి కాండలో ఆలోచించాడు. ఆయనది కోళ్ల ఉదాహరణ కాదు, మణుల, నాణేల ఉదాహరణ. రత్నపరీక్షకుడికి కలిగే ఎరుక అభ్యాసం వల్లే వస్తుందనీ, అది అనుమానం, అంటే హేతువు నుంచి ఊహించి తేల్చేది, కాదనీ, ఇతరులకు విప్పి చెప్పగలిగింది కాదనీ ఆయన అభిప్రాయం. శుష్క తర్కానికి హద్దు గీయడం ఆయన ఉద్దేశం. కోళ్లపని ఆయన మాటను సగం కాదంటుంది, సగం ఔనంటుంది. గుర్తులు చెప్పవచ్చు. కానీ నాలుగు సెకన్లలో ‘బొడిపె గుండ్రం, గుండ్రమైతే పుంజు, కనుక ఇది పుంజు’ అని ఎవరూ అనుమానవాక్యం నడపరు.

చెప్పగలిగినా లేకపోయినా, తెలిసింది నిజమని తేలేదెలా? న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీన్ని పని ఫలించడానికి ముడిపెట్టారు. నీళ్లనుకుని వెళితే దాహం తీరాలి, అప్పుడే ఆ తెలివి ప్రమాణమని రూఢి అవుతుంది. పెట్టలని అమ్మిన పిల్లల్లో ఎన్నింటికి తురాయి లేచిందో రెండు నెలల తర్వాత రైతు లెక్కపెట్టడం ఈ ప్రవృత్తి సామర్థ్యమే. మీమాంసకుడు కుమారిల భట్టు తోవ వేరు. బాధకం, అంటే కాదని తేల్చే మరో తెలివి, ఎదురయ్యేదాకా తెలివి తనంతట తానే ప్రమాణమని ఆయన సిద్ధాంతం. షెడ్డులో లైటు కింద కూర్చున్నవాడికి ఇదే దగ్గరగా ఉంటుంది. సందేహిస్తూ కూర్చుంటే గంటకు వంద పిల్లలు కూడా దాటవు.

నైయాయికుల వాదానికి ఇక్కడ ఒక క్రూరమైన చిక్కు ఉంది. గుడ్ల కోళ్ల హ్యాచరీలలో పుంజు అని పక్కన పెట్టిన పిల్లలను చాలా దేశాల్లో ఆ రోజే చంపేస్తారు. గుడ్లు పెట్టవు, మాంసానికి తగినంత ఎదగవు అన్నది లెక్క. జర్మనీ 2022 జనవరి నుంచి దీన్ని నిషేధించింది. చంపే చోట మాత్రం పెట్టల పెట్టెలోకి పడిన తప్పు ఒకనాటికి బయటపడుతుంది. పుంజుల పెట్టెలోకి పడిన పెట్ట ఏనాడూ గుడ్డు పెట్టి ‘నువ్వు పొరబడ్డావు’ అనదు. సగం తీర్పులకు ఫలపరీక్ష లేనే లేదు. దీనికి వాచస్పతి మిశ్రుడి పద్ధతిలో జవాబు చెప్పుకోవాలి: బాగా అలవాటైన విషయంలో, ఇదివరకు నిజమని తేలిన తెలివుల కోవకు చెందింది కాబట్టి ఇదీ నిజమేనని నిశ్చయిస్తాం. ప్రాణం తీసే తీర్పుకు ఆ కోవ సాదృశ్యం చాలునా అన్నది న్యాయశాస్త్రం అడగని ప్రశ్న.

జాతి సంగతి ఇంకో రకం. లింగం పిల్ల ఒంట్లో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. జాతి కొన్నిసార్లే కనిపిస్తుంది. సిల్కీకి అయిదు వేళ్లుంటాయి, కడక్‌నాథ్ పిల్లకు ఒళ్లు నలుపు తిరిగి ఉంటుంది. సంకరం కలిసిన పిల్లకు ఏ గుర్తూ ఖాయం కాదు. పందెపు కోళ్లకు కాకి, డేగ, నెమలి, సేతువ అని పెట్టే పేర్లు ఎదిగిన ఈకల రంగు పేర్లు. నూగుమీద ఆ పేరు పెట్టడం అంటే జోస్యం చెప్పడమే. అప్పుడు తల్లిదండ్రులను అడగాల్సిందే. శ్లోకవార్తికంలో కుమారిలుడు సామాన్యాలు, అంటే జాతులు, రకరకాల సాయాలతో ప్రత్యక్షమవుతాయని వివరించాడు: బంగారం రంగుతో, కరిగిన నెయ్యి వాసనతో రుచితో, దూరాన గుర్రం సకిలింపుతో, బ్రాహ్మణత్వం పుట్టుకతో. చివరిదాన్ని బౌద్ధులు ఒప్పుకోలేదు. పుట్టుక విని తెలుసుకునేదాన్ని కన్ను చూసిందని ఎలా అంటారన్న వాళ్ల పక్షం మనుషుల విషయంలో తిరుగులేనిదే. కోళ్ల విషయంలో మాత్రం పుట్టుక నిజంగానే కంటికి సాయం చేస్తుంది.

కోళ్లలో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. చారల ఈకనిచ్చే జన్యువు జెడ్ మీద ఉంటుంది. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును చారల ప్లిమత్ రాక్ పెట్టకు కలిపితే పుంజు పిల్లలన్నిటికీ నడినెత్తిన తెల్ల మచ్చ వస్తుంది, పెట్టలకు రాదు. బొడిపె వెతకనక్కర్లేదు, చంటిపిల్లాడైనా వేరుచేయగలడు. జత తిరగేసి, చారల పుంజును ఎర్ర పెట్టకు కలిపితే పుట్టిన పిల్లలన్నీ, పుంజులూ పెట్టలూ, చారలవే, మచ్చలవే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడానికి తడి కట్టె ఉపాధి, అంటే పైకి చెప్పని షరతు, అయినట్టు, మచ్చ ఉన్నది పుంజు అనడానికి ఆ జత ఉపాధి. గంపలోని పిల్లను ఎంత దగ్గరగా తెచ్చి చూసినా ఆ ఉపాధి కనిపించదు. తల్లి ఏదో, తండ్రి ఏదో గుర్తుపెట్టుకున్న మనిషిని అడగాలి.