చిన్న మంద

యౌవనస్థుల కొఱకు. చదువవలసిన భాగము: 1 సమూయేలు 17:12–28

యుద్ధభూమిలో దావీదుకు మొదట ఎదురైనది గొల్యాతు ఈటె కాదు, సొంత అన్న ఎత్తిపొడుపు. ఆ నాలుగు గొఱ్ఱెలను ఎవరికి విడిచి వచ్చితివని ఏలీయాబు హేళన చేసెను. జవాబు ఎనిమిది వచనములకు ముందే వ్రాయబడియున్నది. దావీదు తెల్లవారుజామున లేచి, మందను ఒక కాపరికి అప్పగించియే బయలుదేరెను. మంద చిన్నదే గాని, దిక్కులేక విడువబడలేదు.

మన గ్రామములలో చదువు ముగించిన పిల్లవాడు గొఱ్ఱెలు కొందునన్నప్పుడు ఇదే నవ్వు వినబడును. నవ్వనిండు. అయితే తల్లి పుస్తెలు తాకట్టు పెట్టించి పెద్ద మందను కొనవద్దు. 2017లో తెలంగాణ ప్రభుత్వ పథకములో 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పొందినవారు తరతరముల కాపరులైన గొల్ల కురుమలు. చేయి తిరుగనివానికి ఐదారు చాలును. నెల్లూరు జాతిలో తెల్లని పల్ల, ముఖమున నల్లమచ్చల జోడిపి, ఎఱ్ఱని దొర యున్నవి. ఉన్నినిచ్చు దక్కని వేరు. రంగు చూచి మురిసిపోక, మీ బీళ్లలో ఏది బ్రదుకుచున్నదో చూడుడి. నోరు తెరచి రెండు పండ్లదో నాలుగు పండ్లదో తెలిసికొనుడి. సంతలో పది మందల జీవాలు కలిసి యుండును గనుక, తెలిసినవారి యొక్క మందనుండియే కొనుట మేలు. ఊరి గొల్ల పెద్దను అడుగుటకు సిగ్గుపడకుడి. ఆయనకు తెలిసినది పుస్తకములలో కొంతయే యున్నది.

చిటుకు రోగమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. తొలకరి పచ్చికను ఆశగా మేసిన బలిసిన జీవమే మొదట పడిపోవును. రాత్రి బాగుగా నుండి తెల్లవారుసరికి చచ్చియుండును, వైద్యునికి కబురంపు వ్యవధియైనను ఉండదు. అందుచేత వానలకు ముందే టీకా వేయించవలెను. ప్రార్థించితిమి గదా, టీకా యెందుకని మనలో అనువారున్నారు. దావీదుకంటె వారి విశ్వాసము గొప్పదా? దేవుని నమ్మినవాడే కాపరిని పెట్టి వెళ్లెను.

చూడి కాలము ఐదు నెలలు. పిల్ల పుట్టిన గంటలోపల జున్నుపాలు త్రాగవలెను. పాలిచ్చు తల్లులను దూరపు మేతకు తోలకుడి. ఒక్క దినము వడిగా తోలినయెడల మంద చచ్చునని యాకోబు ఏశావుతో చెప్పి, నాలుగువందల మంది మనుష్యులతో వచ్చిన అన్నను ముందుకు పంపి, తాను పిల్లల నడకతో మెల్లగా నడచెను (ఆదికాండము 33). ఎంతటి కాపరి!

ప్రతి సాయంకాలము దొడ్డి వాకిట నిలిచి లెక్కించుడి. మేయనిదానిని, కుంటుదానిని అప్పుడే గుర్తింపవచ్చును. ఇక ఆదివారపు మాట. ఆరాధనకు వచ్చు ఆ రెండు గంటలు మందను ఎవరు చూతురో ఇద్దరు ముగ్గురు కలిసి శనివారమే వంతు వేసికొనుడి.